మోకాలికి ఎన్నణాలు

ఇబ్రహీంపట్నం చౌకీకి మేం చేరింది ఆగస్టు నెలాఖరున, మధ్యాహ్నం, జోరువానలో. పదకొండు మందిమి, ఒక లారీ. మనిషికో రైఫిలు, నడుముకు తూటాల పట్టా, ఒక కంబళి, కింద పరుచుకోవడానికి రబ్బరు గుడ్డ, నీళ్ల సీసా. ఉండటానికి బాటసారుల కోసం కట్టిన పాత సరాయి ఇచ్చారు. సగం కప్పు కారేది, మిగతా సగం పడిపోవడానికి సిద్ధంగా ఉండేది. వైర్‌లెస్ సెట్టుకు మాత్రం పొడిగా ఉన్న మూల దొరికింది. మనుషుల కంటే సెట్టు ఖరీదైనది కదా.

నేను నిజాం రియాసతు ఫౌజులో సిపాయిని. ఇప్పటి పిల్లలకు ఈ మాట చెబితే "అయితే రజాకారువా తాతా?" అంటారు. కాదురా నాయనా. రజాకారు వేరు, నెల జీతం తీసుకుని హుకుం ప్రకారం నడిచే సిపాయి వేరు. కానీ ఖాకీ గుడ్డ ఇద్దరికీ ఒకటే. ఊళ్లో ఉల్లిగడ్డలు కొందామని పోతే అమ్మే ముసలామె గంప వదిలేసి లోపలికి పరుగెత్తేది. పగలు మమ్మల్ని చూసి ఊరికి భయం. చీకటి పడితే కమ్యూనిస్టు సంఘంవాళ్లు ఏ గట్టు చాటునుంచి కాలుస్తారోనని మాకు భయం. అలా ఒకరికొకరం భయపడుతూ కాలం గడిపాం.

నాకు ఒక్క సుఖం ఉండేది. మా ఊరు యాచారం పక్కనే. బాపు చనిపోయాడు, అన్నదమ్ములు లేరు. ఇంట్లో నా భార్య బాలమ్మ ఒక్కతే ఉండేది, మూడెకరాల చెలక చూసుకుంటూ. వచ్చిన వారానికి హవల్దారు నాకు ఒక రాత్రి సెలవిచ్చాడు. ఆ సెలవు ఫలితం తర్వాత తెలిసింది లెండి.

సెప్టెంబరులో యూనియన్ ఫౌజు నాలుగు దిక్కుల నుంచి రియాసతులోకి దిగింది. మాకు ఆ సంగతి సెట్టులోనే తెలిసింది. సిగ్నల్ వాడు చెవులకు డబ్బాలు తగిలించుకుని తల ఎత్తకుండా అరిచాడు.

"సడక్ తెంపమంటున్నరు. యాచారం తొవ్వల మోరీ కాడ. ట్యాంకు దాటొద్దంట."

హవల్దారు బీడీ నోట్లోంచి తీయలేదు. "ఎంత లోతు?"

"మనిషి లోతు."

అప్పటికి సాయంత్రం నాలుగు. వాన ఆగలేదు. లారీ పెట్రోలు కోసం పట్నం పోయింది. మోరీ దాకా నడిచే పోయాం, భుజాన పారలూ గడ్డపారలూ. మోరీ అంటే రోడ్డు కింద నీళ్లు పోవడానికి రాళ్లతో కట్టిన చిన్న తూము. దాని పక్కన రోడ్డుకు అడ్డంగా తవ్వడం మొదలుపెట్టాం. ఎర్ర మొరం. పైన గట్టి, కింద బురద. ఎత్తి పోసిన మట్టిలో సగం వాన మళ్లీ లోపలికే తెచ్చేది. సిగ్నల్ వాడు సెట్టును రోడ్డు పక్కన గొడుగు కింద పెట్టుకుని కూచున్నాడు.

"గుంత ఎందాక వచ్చిందని అడుగుతున్నరు," అన్నాడు కాసేపటికి.

"నడుం లోతయిందని చెప్పు," అన్నాడు హవల్దారు.

కొంచెం సేపాగి మళ్లీ: "ఎవరి నడుమని అడుగుతున్నరు."

"మన వంటాయన నడుమని చెప్పు."

వంటాయన మాలో అందరికంటే పొట్టి. గుంతలో ఉన్నవాళ్లమంతా నవ్వాం. వంటాయన కూడా నవ్వాడు. నా రెండు కాళ్ల మీద నేను నిలబడి నవ్విన ఆఖరి నవ్వు అదే.

మోరీ గోడ వైపు నేనున్నాను. మట్టి తీసేకొద్దీ గోడకు ఆసరా పోయిందని ఎవరికీ తట్టలేదు. ముందు చప్పుడైంది. చెక్కిన రాయి ఒకటి, గడప అంత ఉంటుంది, జారి వచ్చి నా కుడి మోకాలిని గుంత గోడకు నొక్కేసింది. అరిచానో లేదో తెలియదు. గడ్డపారలతో రాయిని పక్కకు నెట్టారు. హవల్దారు తన కాళ్లకు చుట్టుకున్న ఖాకీ పట్టీలు రెండూ విప్పి నా మోకాలికి కట్టాడు. ఆ రాత్రంతా ఆయన పిక్కల మీద వాన పడుతూనే ఉంది.

తెల్లారి ఎడ్లబండిలో పట్నం పంపారు. బండి చంపాపేట దాటేసరికి జనం రోడ్ల మీద గుంపులుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు. నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పారట. లడాయి అయిపోయింది. మా గుంత దగ్గరికి ఏ ట్యాంకూ రాలేదు. ఆ దారినే ఎవరూ రాలేదు. యూనియన్ ఫౌజును ఆపడానికి మేం తవ్విన గుంతలో చిక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. నెల తిరగకుండానే బండ్లు పోవడం లేదని ఊరివాళ్లే దాన్ని పూడ్చేశారట.

దవాఖానలో కాలుకు పిండికట్టు వేశారు. విప్పేసరికి చలికాలం వచ్చింది. అప్పటికి మా పల్టన్ లేదు. ఎక్కడివాళ్లను అక్కడ ఇంటికి పంపేశారు. డాక్టరు నా కాలు పట్టుకుని వంచబోయాడు. వంగలేదు. ఇంకో డాక్టరును పిలిచాడు. ఆయనకూ వంగలేదు.

"కాలుంది గద. సంతోషపడు," అన్నాడు.

సంతోషపడ్డాను. ఇంటికొచ్చేదాకా పడ్డాను.

వంగని కాలంటే ఏమిటో చూసేవాళ్లకు తెలియదు. నిలబడితే నాకేమీ లోటు లేదు. నేల మీద కూర్చోవాలంటే ఒకరు దించాలి, లేవాలంటే ఒకరు చంకల కింద చేతులేసి లేపాలి. పొద్దున్నే చెంబు పట్టుకుని చెట్ల చాటుకు పోయినా బాలమ్మ వెంట రావాలి. ఈ సంగతి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది, కానీ చెప్పకపోతే మీకు అర్థం కాదు. అన్నం గోడకు ఆనుకుని నిలబడే తినేవాణ్ణి, ఆమెను మాటిమాటికీ లేపమని అడగలేక. ఒకరోజు పంతం పట్టి నాగలి కట్టాను. రెండో సాలు మలుపులో పడ్డాను. ఎడ్లు ఆగలేదు. మేడి పట్టుకునే ఉన్నాను కాబట్టి నన్నూ కొంతదూరం లాక్కుపోయాయి. బాలమ్మ పరుగెత్తుకొచ్చి ఎడ్లను ఆపి, నన్ను లేపి, తర్వాత గట్టు మీద కూచుని ఏడ్చింది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది.

ఇక నాగలి నా వల్ల కాదు. ఉగాదికి జీతగాళ్లను కుదుర్చుకునే రివాజు మా దగ్గర. పొరుగూరి మనిషి ఒకడు మా ఇంట్లో పనికి ఒప్పుకున్నాడు, కానీ పండుగకు ముందే మాట ఖాయం చేయాలన్నాడు. లేకపోతే ఇంకొకరింటికి పోతాడు. జీతగాణ్ణి పెట్టుకుంటే చెలక మా చేతిలో ఉంటుంది. పెట్టుకోలేకపోతే పాలుకియ్యాలి, వచ్చిన పంటలో సగం ఇంకొకరిది, మిగతా కడుపు నింపుకోవడానికి బాలమ్మ కూలికి పోవాలి. పోతే పోయేది ఏ నెలలో? ఏడో నెల నడుస్తోంది.

అలాంటి సమయంలో పట్వారి కబురు తెచ్చాడు. పాత ఫౌజులో దెబ్బలు తగిలినవాళ్లకు కొత్త సర్కారు పింఛను ఇస్తుందట. పట్నంలో డాక్టరు సాబు చూసి ఎవరికెంతో తేలుస్తాడట.

"ఎంతిస్తరు పంతులూ?" అంది బాలమ్మ తలుపు వెనక నుంచి.

"రూపాయికి ఎన్నణాలని చూస్తరమ్మ. కరువొచ్చినప్పుడు పంట ఎన్నణాలు పండిందని సర్కారు లెక్క కట్టదా, గట్లనే. మనిషి పదహారణాలు. అండ్ల ఎన్నణాలు పోయిందో చూస్తరు. నాలుగణాల కంటె తక్కువ పోతె ఏం రాదు."

"మోకాలికి ఎన్నణాలు?"

పట్వారి నా కాలు వంక చూశాడు, చేలో కంకులు చూసినట్టే. "ఆరు పడ్తది. ఏడు కూడ పడొచ్చు."

ఆరణాలు పడితే జీతగాడికి సరిపోతుంది. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో మాట్లాడుకున్నదంతా ఆరణాల గురించే.

బయల్దేరే పొద్దున బాలమ్మ నన్ను మంచం మీది నుంచి లేపి, అంగీ గుండీలు పెట్టి, ఒక్కటే మాట చెప్పింది. "అన్ని చెప్పు. సిగ్గుపడకు. చెంబు సంగతి గూడ చెప్పు."

"చెప్త," అన్నాను.

పట్నంలో పాత బారకాసు వరండా. నాపరాళ్ల నేల, ఎదురుగా ఎండ. ఇరవై మంది దాకా వచ్చి ఉన్నారు. గోడ వారగా బెంచీలు. నేను బెంచీ చివర కాలు చాపుకుని కూచున్నాను. మా లారీ డ్రైవరు కనిపించాడు. పెట్రోలు తేవడానికి పోయినప్పుడు విమానం నుంచి పడిన బాంబుకు ఎడమ చెయ్యి మోచేతి దాకా పోయిందట. మా హవల్దారు కూడా వచ్చాడు. ఆయనకు దెబ్బల్లేవు. నాకు దెబ్బ డ్యూటీలోనే తగిలిందని సాక్ష్యం చెప్పడానికే వచ్చాడు. ఆయన ఇంటివాళ్లు పోలీసు యాక్షన్ తర్వాతి అల్లర్లలో ఊరు విడిచి పోయారని, ఎక్కడున్నారో ఇంకా తెలియలేదని డ్రైవరు నా చెవిలో చెప్పాడు. అలాంటి మనిషి నా మోకాలి కోసం వచ్చాడు.

బెంచీల మీద అంతా అణాల బేరమే.

"నాది ఎనిమిదణాలకు తక్కువ గాదు భయ్," అన్నాడు డ్రైవరు, ఖాళీ చొక్కా చెయ్యి ఊపుతూ. "నాది కనవడ్తది. నీకే కష్టం అంజన్నా. కాలు నిండుగ ఉన్నది. నిలబడ్డవంటె పెండ్లి పిలగాని లెక్క ఉంటవ్."

"నేనున్న గద," అన్నాడు హవల్దారు. "సాబుకు మొత్తం చెప్త. రాయి సంగతి, బండి సంగతి. జర గుడ ఫికర్ చెయ్యకు."

పది దాటాక జీపు వచ్చింది. డాక్టరు సాబు దిగాడు. యూనియన్ ఫౌజు యూనిఫారం, భుజాల మీద మెరిసే చుక్కలు, చేతిలో చిన్న బెత్తం. వెనకాల మున్షీ.

అప్పుడు జరిగిందానికి ఎవరిని తిట్టాలో నాకు ఈనాటికీ తెలియదు. మా హవల్దారుకు పల్టన్ లేదు, జీతం లేదు, చేతి మీద పట్టీలు లేవు. గొంతు మాత్రం ఉంది. ఆఫీసరు కనిపించగానే ఆ గొంతు దానంతటదే లేచింది.

"సావ్‌ధాన్!"

ఇరవై మందిమి లేచి నిలబడ్డాం. ఎట్లా లేచామో అడగొద్దు. నన్ను ఎవరూ లేపలేదు, బెంచీ చెయ్యి పట్టుకుని ఒక్క ఊపున లేచాను. నా పక్కవాడి కర్ర నేల మీద పడింది, వాడు వంగి తీసుకోలేదు. మడమలు కలిశాయి, గడ్డాలు పైకి లేచాయి. చేతులున్నవాళ్ల చేతులు తొడలకు అతుక్కున్నాయి.

సాబు ఒక్క క్షణం ఆగిపోయాడు. మొహం విచ్చుకుంది. ఓడిపోయిన ఫౌజువాళ్లు, చినిగిన ధోతుల్లో, ఇంత చక్కగా నిలబడతారని ఆయన అనుకోలేదు. మెల్లగా వరస ముందు నడుస్తూ అడిగాడు.

"కోయీ తక్లీఫ్?"

ఫౌజులో చేరనివాళ్లకు ఇది చెప్పాలి. ప్రతి ముఆయినాలో, అంటే తనిఖీలో, పెద్ద ఆఫీసరు వచ్చి వరస ముందు ఈ మాటే అడుగుతాడు: ఏమన్నా తక్లీఫ్, ఇబ్బంది ఉందా? దానికి ఒక్కటే జవాబు. రొట్టెలో పురుగులున్నా, బూటులో రక్తం కారుతున్నా, ఇంట్లో తల్లి పోయిందని కబురొచ్చినా ఒక్కటే జవాబు. వేరే జవాబు చెప్పినవాణ్ణి నేను చూడలేదు. అది అబద్ధం అని మాకు ఎన్నడూ తోచలేదు. సలామ్ లాంటిదే అది కూడా.

"నహీ సాబ్!" అన్నాం ఇరవై మందిమీ, ఒకే గొంతుతో.

వరండా మోగింది. మున్షీ రాసుకున్నాడు.

తర్వాత ఒక్కొక్కరి ముందు ఆగాడు. డ్రైవరు ఖాళీ చొక్కా చెయ్యి ఎత్తి చూసి ఏదో చెప్పాడు, మున్షీ రాశాడు. నా ముందుకొచ్చాడు. బెత్తంతో మోకాలి మీద తట్టాడు. ఎముక మీద తగిలి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"దర్ద్?"

"నహీ సాబ్!"

నొప్పి ఉందని చెప్పాలని నాకు తెలుసు. బాలమ్మ మాట నాలుక మీదే ఉంది. గొంతులోంచి వచ్చింది మాత్రం ఇది. ఆయన వెనక్కి తిరగమన్నాడు. ఆ హుకుంలో మనిషి కుడి మడమ మీద తిరిగి, ఎడమ కాలు ఎత్తి నేలకు కొట్టాలి. నాకు బిగుసుకున్నది కుడి కాలే. గుంజ మీద తిరిగినట్టు తిరిగాను. ఎడమ కాలు నాపరాయి మీద పటేలుమంది. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ తిరగలేదు.

"శాబాష్," అన్నాడు సాబు.

ఛాతీ ఉబ్బింది. నిజం చెబుతున్నాను, ఉబ్బింది. తిండికి లేని ఇల్లు, ఏడో నెల భార్య, ఆ క్షణంలో ఏమీ గుర్తులేదు. శాబాష్ అన్న ఒక్క మాటకు మురిసిపోయాను.

హవల్దారు వరస చివర నిలబడి ఉన్నాడు, చెంపలు అదురుతున్నాయి. రాయి సంగతి చెప్పాలి. కానీ సావ్‌ధాన్‌లో ఉన్న మనిషి అడగనిదే నోరు విప్పడు. సాబు ఆయన్ను ఏమీ అడగలేదు. గాయాలు లేని మనిషిని ఏమడుగుతాడు? వరస చూడటం అయిపోయింది, సలామ్ అందుకున్నాడు, జీపెక్కి పోయాడు.

మున్షీ బల్ల ముందు కూచుని ఒక్కొక్కరినీ పిలిచాడు. డ్రైవరుకు ఎనిమిదణాలు. నన్ను పిలిచాడు.

"అంజయ్య. రెండణాలు."

"నెలకెంతొస్తది సాబ్?"

"నాలుగు లేకపోతే నెలకేం రాదు. బస్సు కిరాయిస్త, వేలిముద్ర వెయ్యి."

కాలు వంగదని చెప్పాను. నాగలి సంగతి చెప్పాను. చెంబు సంగతి కూడా చెప్పాను, అందరూ వింటుండగా. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"దర్ద్ లేదని నీ నోటితోని చెప్పినవ్. నేను విన్న."

"చూడుండ్రి," అని అక్కడే గొంతుక్కూచోబోయాను. వెల్లకిలా పడ్డాను. తల నాపరాయికి తగిలింది. హవల్దారూ డ్రైవరూ పట్టి లేపారు. మున్షీ బల్ల వెనక నుంచి లేచి వచ్చాడు. పాపం, ఆయన మొహం కూడా మాడిపోయింది.

"నేను చూస్తే ఏం ఫాయిద? చూడవలసినాయన చూసిపోయిండు. మల్ల చూడాలంటే మీ పల్టన్ కమాండింగ్ సాబు సంతకంతోని అర్జీ రావాలె."

"పల్టనే లేదు గద!" అన్నాడు హవల్దారు.

"గదే చెప్తున్న," అన్నాడు మున్షీ.

బయట గేటు దగ్గర హవల్దారు గోడకు తల కొట్టుకున్నాడు. "నా నోరు పడిపోను అంజయ్యా. సావ్‌ధాన్ అని నన్నెవడు అనమన్నడు?" ఆయన మీద నాకు కోపం రాలేదు. ఆయన పిలిస్తే లేవకుండా ఉండటం నాకు చేతనయ్యేదా? డ్రైవరు ఉన్న చెయ్యి నా భుజం మీద వేశాడు. "నా ఎనిమిదిల రెండు నీకు కోసిస్త తియ్," అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. ఆ ఇద్దరినీ మళ్లీ చూడలేదు నేను.

బస్సులో సీటులో పట్టను. మెట్టు దగ్గర కడ్డీ పట్టుకుని ఇబ్రహీంపట్నం దాకా నిలబడే వచ్చాను. అక్కడి నుంచి యాచారం పోయే బండి ఒకటి దొరికింది. ఇంటికి చేరేసరికి ఇంకా పొద్దు ఉంది. బాలమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. చేట కింద పెట్టి, నడుం పట్టుకుని లేచింది.

"ఎన్నణాలు?"

"రెండు."

ఆమెకు లెక్క తెలుసు. మొహం పాలిపోయింది. "ఎందుకట్ల? అన్ని చెప్పినవా?"

చెప్పాను. సావ్‌ధాన్ నుంచి శాబాష్ దాకా ఏదీ దాచలేదు. ఆమె వింటూ నిలబడింది. తిడుతుందని చూశాను. తిడితే బాగుండును అనిపించింది.

"నీ మోకాలు సంగతి నిన్నడిగితే ఏం తెలుస్తది?" అంది చివరికి. "రోజు లేపేటిదాన్ని నేను. నన్నడగాలె గద ఆ సాబు. నేను చెప్పకపోదునా?"

అప్పుడు ఏడ్చాను. రాయి పడ్డప్పుడు ఏడవలేదు, మున్షీ ముందు ఏడవలేదు. గోడకు ఆనుకుని చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాను. నిజమే, మనిషిలో ఎన్నణాలు పోయిందో ఆమె చేతులకు తెలుసు. ఆ చేతులను అడగాలని ఏ సర్కారుకూ తట్టలేదు. నాకూ తట్టలేదు.

పండుగ పోయాక చెలక పాలుకిచ్చాం. బాలమ్మ కూలికి పోయింది, నొప్పులు మొదలైన రోజు దాకా పోయింది. కమాండింగ్ సాబు ఎవరో, ఎక్కడున్నాడో వెతుకుతూ నేను పట్నం చుట్టూ చాలాసార్లు తిరిగాను. దొరకలేదు. తర్వాత వెతకడం మానేశాను.

ఇన్నేళ్లలో నాకు లడాయి కలలోకి రాలేదు. వచ్చేది ఆ సాయంత్రమే. ఏడ్చి ఏడ్చి నేను ఊరుకున్నాక బాలమ్మ జొన్న గట్క వండి తెచ్చింది. ఎప్పటిలాగే నేను గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాను. పళ్లెం నా చేతికిచ్చింది. ఎప్పుడూ అయితే తాను పొయ్యి దగ్గర కూచుని తినేది. ఆ రోజు తన పళ్లెం కూడా తెచ్చుకుని నా పక్కన వచ్చి నిలబడింది. గోడకు వీపు ఆనించింది. పళ్లేన్ని కడుపు మీద పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని, నిలబడే తినడం మొదలుపెట్టింది. లోపల బిడ్డ కదిలినప్పుడల్లా పళ్లెం కొంచెం కదిలేది. ఆమె ఆగి, సర్దుకుని, మళ్లీ తినేది.